దొరసాని పుల్లలు

మా అత్త రిబ్కమ్మ పొయ్యిలో చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనయింది. నేను మంచిర్యాల వైపు పిల్లను. పెళ్లయి సుల్తానాబాదుకు కాపురానికి వచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు. అది యాభై ఏడో సంవత్సరం. పెరట్లో కిరసనాయిలు డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, చుట్టూ మట్టి మెత్తి, కింద బొగ్గులు, పైన బొగ్గులు పోసింది. తర్వాత ఆ డబ్బాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. మా బాపు నన్ను ఎవరింట్లో పడేశాడురా దేవుడా అనుకున్నాను.

"అత్తా, చెయ్యి కాలుతది!"

"నోరు ముయ్యి పిల్లా, లెక్క తప్పుతది."

ఆ లెక్క తర్వాత తెలిసింది. ప్రార్థనలో ఆ పూటకు రొట్టె అడిగే మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఇక ఓర్వలేకపోతే పొయ్యి సరిగ్గా ఉన్నట్టు. అంతకు ముందే చెయ్యి లాక్కోవలసి వస్తే కొన్ని బొగ్గులు తీసెయ్యాలి. ఆమేన్ దాకా పోగలిగితే మళ్లీ బొగ్గులు వెయ్యాలి. ఆ తర్వాత నేను ఎన్నో పొయ్యిలు చూశాను, వేడి చూపించే ముల్లు ఉన్నవి కూడా. ఒక్కటీ నన్ను అట్లా నోరు తెరుచుకుని నిలబడేలా చెయ్యలేదు.

ఆ పొయ్యిలోంచి వచ్చేవే దొరసాని పుల్లలు. జానెడు పొడుగు, చిటికెన వేలంత లావు. గోధుమ పిండిలో బెల్లం నీళ్లు, నెయ్యి, దంచిన దాల్చినచెక్క, సోంపు, కొంచెం శొంఠి వేసి పిసికేది. పిండి పొంగాక అరచేతుల మధ్య తిప్పి పుల్లలు చేసేది. ఒకసారి కాల్చి, మళ్లీ సన్నని సెగ మీద ఆరబెట్టేది. కొరికితే కరకరలాడేవి, చాయలో ముంచితే వెన్నలా కరిగేవి. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా వాటి కోసం చాయ గ్లాసులు పట్టుకుని కూర్చునేది. మా వెనక వీధిలో మగ్గం నేసే ఇళ్ల నుంచి కూడా బాలింతలకని అడిగి తీసుకుపోయేవాళ్లు.

మా అత్త మిషన్ బంగళాలో ఏళ్ల తరబడి వంట చేసింది. పుల్లలు చెయ్యడం అక్కడి దొరసాని నేర్పింది. పోలీసు చర్య జరిగిన ఏడు ఆ దొరసాని తన దేశం వెళ్లిపోతూ పొంగు పొడి డబ్బా ఒకటి చేతిలో పెట్టి పోయింది. అది ఏడాది తిరగకుండానే అయిపోయింది. అప్పటికే మా మామ గత్తర, అదే కలరా, తగిలి పోయాడు. మా ఆయన దేవదాస్ ఇంకా బడికి పోయే పిల్లవాడు. పొలం లేదు, పుట్ర లేదు. అత్తకు సంఘంలో ఒక పేరంటూ ఉందంటే అది రొట్టె వల్లే. పుల్లలే కాదు, నెలనెలా గుడిలో ప్రభువు బల్ల మీద విరిచి అందరికీ పంచే రొట్టె కూడా ఆమె చేసిందే. మరి పొడి అయిపోయాక పిండి దేనితో పొంగుతోందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాకు మాత్రం వారం తిరగకుండానే అనుమానం వచ్చింది. పొద్దున్నే కల్లు గీసే రాయమల్లు మా పెరటి తడిక దగ్గర చిన్న బుడ్డి దించి పోయేవాడు. అది ఈత కల్లు. మా కుటుంబాల్లో బాప్తిస్మం తీసుకున్నవాడు మొట్టమొదట విడిచేది కల్లు ముంతనే. మా పుట్టింట్లో ఆ మాట పలికితేనే అవ్వ మూతి మీద కొట్టేది. అట్లాంటిది ప్రభువు బల్లకు రొట్టె చేసే ఇంట్లో కల్లు! అత్త చాటుగా పుచ్చుకుంటోందని తీర్మానించుకుని, నోటి వాసన పసిగట్టడానికి మూడు రోజులు ఆమె వెంటే తిరిగాను.

"ఏందే, పిల్లి లెక్క నా సుట్టు తిరుగుతున్నవ్?" అని నాలుగో రోజు చెయ్యి పట్టుకుని పిండి గిన్నె దగ్గరికి లాక్కుపోయింది.

బుడ్డిలో కల్లు పిండిలో పోసి పిసికింది. తడి గుడ్డ కప్పింది. మధ్యాహ్నం గుడ్డ తీసి చూపించింది. పొద్దున గిన్నెలో సగానికి ఉన్న పిండి అంచు దాటి పైకి వచ్చింది. వేలు పెట్టమంది, పెట్టాను. వేలు మెత్తగా దిగింది. తీస్తే ఆ గుంట తనంతట తాను మెల్లగా పూడుకుంది. నేను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చెప్పొద్దూ, భయం వేసింది. గుడిలో కూడా నాకు ఎప్పుడూ అంత భయభక్తులు కలగలేదు.

"కల్లు నిప్పుల పోతది, పొంగొక్కటే మిగులుతది," అంది అత్త. "ఎవ్వల్కి చెప్పకు."

రెండేళ్లు చెప్పలేదు. అది నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు.

యాభై తొమ్మిదిలో, కోతల పండుగకు వారం ముందు, ఆరాధన అయ్యాక సంఘ పెద్ద అహరోను లేచి నిలబడ్డాడు. అహరోను కైకిలి చేసుకు బతికే కూలి మనిషి. ఒకప్పుడు తాగి ఎక్కడ పడితే అక్కడ పడిపోయేవాడు. ముందు పళ్లు ఆ కాలపు కొట్లాటల్లోనే పోయాయి. బాప్తిస్మం తీసుకుని తొమ్మిదేళ్లు, ఆ తొమ్మిదేళ్లలో చుక్క ముట్టలేదు. అందుకే సంఘంలో అతని మాటకు బరువు.

"రిబ్కమ్మక్క ఇంటికి పొద్దుగాల కల్లు బుడ్డి వస్తున్నది. నా కండ్లతోని చూసిన," అన్నాడు. "గసువంటి ఇంటి రొట్టె ప్రభువు బల్ల మీదికి ఎట్లొస్తది? పండుగకు కరీంనగర్ నుంచి తెప్పిద్దాం. అక్కను కొన్ని దినాలు బల్లకు దూరం పెడుదాం."

గుడంతా మా అత్త వైపు తిరిగింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "ఏమంటవమ్మా?" అని పాస్టరయ్యగారు అడిగాడు. ఆమె నోరు తెరిచే లోపల నా నోరు తెరుచుకుంది.

"మా అత్త తాగుతదా? ఆమె చుక్క ముట్టలే! తాగిందంతా పిండి తాగింది! గా పిండి రొట్టె పదేండ్ల సంది తింటున్నది మీరు! దూరం పెడితే అందర్ని పెట్టుండ్రి!"

అహరోను ముఖం పాలిపోయింది. "పదేండ్ల సందా?" అన్నాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చాక అత్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం అహరోను వచ్చి మా గడప బయట నిలబడ్డాడు. నేను కొంగు బిగించాను.

"అక్కా, నువ్వు తాగవని నాకెరికే," అన్నాడు.

"మరి గుళ్లె గట్లెందుకన్నవ్ తమ్మీ?"

అతను గల్లీ వైపు చెయ్యి చూపించాడు. "రోజు కైకిలికి గీ గల్లీ నుంచే పోత. రాయమల్లు బుడ్డి దించే యాళ్లకే. గా వాసనకు నా కాళ్లు నిలవడ్తున్నయక్కా. తొమ్మిదేండ్లయినా నిలవడ్తున్నయ్. మొన్న తడిక మీద చెయ్యి గూడ ఏసిన. గీ మాట నలుగుర్ల ఎట్ల చెప్పాలె? నీ పేరు మీద పెట్టి చెప్పిన. తప్పు నాదే."

అని భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. నా కొంగు ఎప్పుడు వదులయిందో నాకు తెలియదు. అత్త లోపలికి పోయి చాయ తెచ్చి ఇచ్చింది. పక్కన రెండు పుల్లలు పెట్టింది. అతను చాయ తాగాడు, పుల్లలు ముట్టకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అత్త తడిక దగ్గర రాయమల్లు కోసం కాచుకుని ఉంది. "రేపటి సంది తేకు బిడ్డా," అంది.

బుధవారం నాడు పాస్టరయ్యగారు స్వయంగా ఇంటికి వచ్చాడు. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారట. నిప్పులో కాలిపోయినదానికి తప్పు లేదట, రొట్టె ఎప్పటిలాగే చెయ్యవచ్చట. నేను ఎగిరి గంతేశాను. రాయమల్లుకు కబురు పెడతానని లేచాను. అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"గెలిచినవ్ గదా అత్తా!"

"నేను గెలుస్తే ఆయన కాళ్లు నడుస్తయా?" అంది.

అంతే. తనకున్న ఒక్క పేరును నన్ను ఆపిన ఆ చేతితోనే పక్కన పెట్టేసింది.

పేరు నిజంగానే పోయింది. పెరుగుతో పులియబెట్టింది, ఆలుగడ్డలు ఉడికించి కలిపింది, ఏదీ పొంగలేదు. కోతల పండుగ పుల్లలు రాళ్లయ్యాయి. పిల్లలు వాటితో చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడారు. బల్ల దగ్గర అయ్యగారు రొట్టె విరిస్తే టప్పుమన్న చప్పుడు వెనక చాపల దాకా వినబడింది. రిబ్కమ్మ చేతి గుణం పోయిందని ఆడవాళ్లు నవ్వుకున్నారు. కల్లు ఎందుకు మానిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రెండేళ్లు దాచి ఒక్క పూటలో కక్కేసిన నా నోరు, ఆ తర్వాతి ఐదు నెలలు మాత్రం నా మాట విన్నది.

ఆ ఐదు నెలలూ ఆదివారం ఆదివారం అందరూ పుల్లలు వదిలేసి చాయ మాత్రం తాగేవాళ్లు. అహరోను ఒక్కడే రెండు తీసుకునేవాడు. చాయ చల్లారిపోయే దాకా నానబెట్టి, చిగుళ్లతో నమిలి, ఆఖరి ముక్క దాకా తినేవాడు. అత్త అటు చూడనట్టే ఉండేది.

ఏప్రిల్ ఎండల్లో ఒకరోజు గారెలు చేద్దామనుకున్నాను. నానబెట్టి రుబ్బే ఓపిక లేక, శనగపప్పు ముందే దంచి వేడినీళ్లు పోసి పొయ్యి పక్కన పెట్టి మరిచిపోయాను. మర్నాడు చూస్తే పైన వేలెడు నురుగు, ముక్కు పగిలే కంపు. పారబోయబోతుంటే అత్త పెద్ద గొంతుతో "ఆగు!" అంది. అచ్చం కల్లు మీది నురుగులా ఉన్న దాన్ని వేలితో తీసి చూసింది. తర్వాత గోధుమ పిండి తీసి ఆ నురుగు నీళ్లతో పిసికింది. మధ్యాహ్నం తడి గుడ్డను మేమిద్దరం చెరో అంచు పట్టుకుని ఎత్తాము. పిండి అంచు దాటింది. అది నా మతిమరుపు పుణ్యమేనని ఆమె పోయే దాకా ఒప్పుకోలేదు.

ఆదివారం మొదటి పుల్ల అహరోను చేతికి ఇచ్చింది. అతను అలవాటుగా చాయలో వేసి, నానడానికి వదిలేసి, పక్కవాడితో మాటల్లో పడ్డాడు. కాసేపటికి చెయ్యి పెడితే పుల్ల లేదు. మొత్తం కరిగి అడుగుకు దిగింది. అతను ఉలిక్కిపడి గ్లాసు దూరంగా పట్టుకున్నాడు. కళ్లలో భయం.

"అక్కా! ఏం కలిపినవ్?"

"నువ్వు ఇడిసింది కాదు తమ్మీ. తిను."

అతను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత అడుగున ఉన్నదంతా వేలితో తీసుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే మా అత్త పొయ్యిలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంది. గల్లీలోంచి, కైకిలికి పోతున్న అహరోను కేక వినిపించింది.

"అక్కా, నడుస్తనే ఉన్న!"

కాళ్ల చప్పుడు ఆగకుండా మా తడిక దాటిపోయింది. అత్త పెదవులు కదలడం ఆగింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. చెయ్యి బయటికి తీసి, మసి అంటిన వేళ్ల వంక చూసుకుంటూ నాతో అంది:

"లెక్క తప్పింది పిల్లా."