చిప్పు కాలికాడి కెపాసిటర్

బళ్లారి జిల్లా సిరిగేరిలో హొన్నూరప్పది పంపుసెట్ స్టార్టర్లు, టీవీలు బాగుచేసే చిన్న అంగడి. పదో తరగతి తప్పాక, చెడిపోయిన బోర్డులు విప్పి చూసి పని నేర్చుకున్నాడు. గోపీకృష్ణ రైస్‌మిల్లులో బియ్యం ఏరే యంత్రం బోర్డు కాలిపోతే, కొత్తది తానే తయారుచేసి ఇచ్చాడు. జారే బియ్యంలో నల్లగింజ కనబడగానే, రెప్పపాటు కంటే ముందే గాలి కొట్టించి దాన్ని పక్క సంచిలోకి ఎగరేసే వేగమైన చిప్పు అందులో ఉంది. చిప్పు అడిగిన క్షణానే అందేలా, కాస్త కరెంటు దాచి ఉంచే చిన్న కెపాసిటర్లను దాని కాళ్లకు ఆనించి అతికించాడు. బోర్డు మూలన రాగి పూత మీద ‘హొ’ అని గీశాడు. తన ప్రతి బోర్డు మీదా అతను గీసే గుర్తు అది.

రెండు కోతలు గడిచినా ఆ యంత్రం ఆగలేదు. మిగతా ఐదు యంత్రాలకూ అదే బోర్డు వేయిస్తానని గోపీకృష్ణ మాటిచ్చాడు. ఐదింటి మీదా తన గుర్తు ఉంటుందని హొన్నూరప్ప ఏడాదిగా కాచుకున్నాడు.

బోర్డులు మాత్రం బళ్లారి నుంచి వచ్చాయి. గోపీకృష్ణ పురమాయిస్తే అక్కడి ఒక ఇంజనీరు హొన్నూరప్ప బోర్డును చూసి అలాంటివే చేయించాడు. నున్నగా, పచ్చగా ఉన్నాయి. ‘హొ’ ఉండవలసిన మూలన ఇంజనీరు కంపెనీ పేరు ఉంది.

ఇంజనీరు ఆఫీసు బల్ల మీద చక్కగా పనిచేశాయి. మిల్లులో గాలి వాల్వులన్నీ ఒక్కసారి కొట్టేసరికి కరెంటు అందక చిప్పులు తడబడి, మంచి బియ్యాన్ని నల్లగింజల సంచుల్లోకి ఎగరేశాయి. హొన్నూరప్పకు కబురొచ్చింది.

“నీ డిజైనే కదయ్యా ఇది. మాకు అంటగట్టావు,” అన్నాడు గోపీకృష్ణ.

“నాదైతే కెపాసిటర్లు చిప్పు కాలికాడ ఉండాల. వీటిని అంచున పెండ్లి పంక్తి మాదిరి కూర్చోబెట్నారు.”

“చిందరవందరగా ఉన్నాయని సర్దాడట. ఎక్కడున్నా కరెంటు అదేగా?”

“నీ మడి కాలువ చివర ఉంటే, అడిగిన గడియకే నీళ్లొస్తాయా సావుకారీ?”

గోపీకృష్ణ తండ్రి కోస్తా నుంచి వచ్చి కొన్నవి కాలువ చివరి మడులే. మూడేళ్లు పైరు ఎండబెట్టుకున్నాడు.

హొన్నూరప్ప ఐదు బోర్డులనూ తిరగేసి, చిప్పు కాళ్లకు కెపాసిటర్లు అతికించాడు. సాయంత్రానికి ఆ సంచుల్లో నల్లగింజలే పడుతున్నాయి. గోపీకృష్ణ ఇంజనీరుకు ఫోను చేసి వచ్చాడు.

“ఈ అతుకులు కనబడితే తన కంపెనీ పేరు పోతుందంటున్నాడు. వాటిమీద నల్ల గమ్ము పోసేయమన్నాడు.”

“నా గుర్తన్నా గీస్తా.”

“గమ్ము కింద గీసుకో. ఎవడొద్దన్నాడు?”

హొన్నూరప్ప గీయలేదు. గమ్ము మాత్రం తానే కలిపాడు. ఇంకొకరు పోస్తే బుడగలు మిగిలి, వాటిలో ఊకదుమ్ము దూరి బోర్డు చెడిపోతుంది. ఐదింటి మీదా సమంగా పోసి, అతుకులు నల్లగా మునిగేదాకా చూస్తూ కూర్చున్నాడు.