నోరు తడిపి ఉమ్మేసే నీల్లు

మాది మార్కండి, ఒరిస్సాలో సముద్రం ఒడ్డు ఊరు. బడిలో నేను సదివింది ఒడియా. తెలుగు అచ్చరాలు పెల్లయ్యాక మా ఆయన నేర్పాడు, అందుకే మాటాడినట్టే రాస్తన్నాను. ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉంటే సదవడం మానీండి, నాకేటీ బాద లేదు.

ఇది ఉచ్చసంచి గురించి. సదువుకున్నోల్లు మూత్రాశయం అంటారు. మా ఆడోల్లు దాని పేరే ఎత్తరు. నొప్పెక్కడే అంటే "కడుపు కింద" అని ఊరుకుంటారు.

కొత్త కోడలిగా ఉన్నప్పుడు మా అత్త నన్ను సేపల బుట్టతో బరంపురం బజారుకి తీసికెల్లింది. తెల్లారి ఆటో ఎక్కే ముందు నోట్లో నీల్లు పోసుకొని, పుక్కిలించి, ఉమ్మెయ్యమనేది. మింగనిచ్చేది కాదు. "దాహం నోటికే. నోరు తడిస్తే సాలు," అనేది. ఆ తరవాత కూకోడం నేర్పింది. ఎడంకాలు మడిచి, మడమ కిందకి తోసి, దాని మీద బరువేసి కూకోవాలి. అలా కూకుంటే కత్తిపీట దగ్గర సెయ్యి బాగా ఆడతాదేమో అనుకున్నాను. ఆవిడ కూకున్నట్టే నేనూ కూకున్నాను.

ఇదంతా సోటు కోసం. బజారులో నీడ పడే గోడవార మా అత్తకి వాల్ల అత్త ఇచ్చిన సోటుంది. దానికి కాయితమూ లేదు, గీతా లేదు. కూకున్నోల్లదే సోటు. లెగిస్తే పక్కదాని బుట్ట జరుగుతాది. ఉచ్చకెల్లాలంటే బస్టాండు దాకా నడవాలి, దగ్గర్లో ఆడోల్లకి ఇంకోటి లేదు. అందుకని బుట్ట ఖాళీ అయ్యేదాకా ఎవరూ లెగరు, మడమతో ఒత్తిపెట్టి ఉచ్చ బిగబట్టుకుంటారు.

కొన్నాల్లకి అత్త మోకాల్లు నొప్పులని బజారు మానీసి, ఆ సోటు నాకిచ్చింది. నాకు సంతోసమే అయింది. ఇల్లు అత్తోల్లది, పడవ మా ఆయనది. నాదని సెప్పుకోడానికి ఆ గోడవార జానాబెత్తెడు నేల దొరికింది.

మంట ఎప్పుడు మొదలైందో గురుతు లేదు. ఏడి సేసిందనుకున్నాను. ఎండ, ఉప్పుగాలి, ఎండునెత్తల్ల కూర, ఇంకేటవుతాది మరి. మందుల షాపోడు ఏయో బిల్లలు ఇచ్చీవోడు. తగ్గినట్టే తగ్గి మల్లీ వచ్చీది. అప్పుడు నేనొక తెలివైన పని సేశాను. నీల్లు ఇంకా తగ్గించాను. నీల్లు లేకపోతే ఉచ్చ లేదు, ఉచ్చ లేకపోతే మంట లేదు కదా అనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా గొంతు తడుపుకొని ఊరుకొనీదాన్ని. సంచిలో గుక్కెడు సేరితే సాలు, నిప్పు పోసినట్టుండీది.

తరవాత తరవాత అదీ అలవాటైపోయింది. సేపలు అమ్మీదాన్ని, వండీదాన్ని, తినీదాన్ని. నవ్వు రాదు, ఏడుపు రాదు. మా ఆయన "ఏటే, మాటాడవేటి?" అంటే "ఏటి మాటాడాల" అనీదాన్ని. ఆయనా అడగడం మానీసాడు.

ఉచ్చలో నెత్తురు కనిపించాక మాత్రం బరంపురంలో ఒక ఆసుపత్రికి లాక్కెల్లాడు. ఉచ్చ పరీచ్చ సేసి పురుగేటీ లేదన్నారు. సిన్న కెమెరా లోపలకి పంపి సూశారు. డాక్టరమ్మకి నా సెల్లెలి వయసుంటాది. నన్ను "మావుసీ" అని పిలిచింది, ఒడియాలో పిన్నీ అన్నట్టు. పిడికిలి బిగించి, ఇదే నీ సంచి అనుకో అని సెప్పడం మొదలెట్టింది.

"దీని లోపల పల్చటి పొర ఉంటాది. అది పాడైతే గోడ వాస్తాది. ఇది ఎందుకు మొదలవుతాదో మాకూ పూర్తిగా తెలీదు. సిక్కబడ్డ ఉచ్చ మాత్రం దాన్ని ఇంకా రేపుతాది. వాసిన సోటు మాన్పుకోడానికి ఒల్లు పెరగమని కబురు పంపుతాది. ఆ కబురు మోసే పదార్దాలు ఉంటాయి. సేతికి గాయమైతే కొత్త తోలొచ్చేది ఆటివల్లే. నీ సంచికి రోజూ గాయమే, కాబట్టి కబురు ఆగడం లేదు. దాంతో నొప్పి తెలిసే నరాలు పెరిగిపోయాయి. గోడ బిరుసెక్కుతంది."

"మాన్పడానికి పంపిన కబురే నన్ను తినేస్తందా?" అన్నాను.

"అంతే అనుకో, మావుసీ."

నాకు బయ్యం ఏయలేదు. సేపల రేటు సెప్పినట్టే విన్నాను. మందు రాసిచ్చి, "పాణి పియ," అన్నాది. నీల్లు తాగమని. వచ్చినప్పుడల్లా ఎల్లమన్నాది. ఇలాగే బిగబట్టుకుంటే సంచి ముడుసుకుపోతాది, అప్పుడు బజారు సంగతి అటుంచి బస్సు కూడా ఎక్కలేవన్నాది. నీల్లు తాగితే లెగాలి. లెగిస్తే సోటు పోద్ది. అదొక్కటే నా బుర్రలో తిరిగింది.

ఇంటికొచ్చాక మా ఆయన "బజారు మానీ," అన్నాడు, బీడీ మానీమన్నంత తేలిగ్గా. నాకు కోపమొచ్చింది. సాన్నాల్ల తరవాత ఏదో ఒకటొచ్చింది.

"నీ పడవ నువ్వు మానీ ముందు," అన్నాను.

అత్త వాకిట్లో ఎండుసేపలు తిరగేస్తంది. డాక్టరమ్మ సెప్పిందంతా నాసేత మల్లీ సెప్పించుకుంది. నరాలు పెరగడం దగ్గర సెయ్యి ఆపింది. తిడతాదనుకున్నాను.

"రేపు నేనూ వస్తాను. నువ్వెల్లొచ్చేదాకా సోట్లో నేను కూకుంటాను," అన్నాది.

"మరి మోకాల్ల నొప్పులో?"

"సూద్దాంలే."

మర్నాడు ఆటో దగ్గర నేను సీసా ఎత్తి నీల్లు తాగాను. అత్త నోరు తడుపుకొని ఉమ్మేసింది. ఆవిడ బజారు మానీసి ఏల్లయింది, ఆ అలవాటు పోలేదు.

బజారు నిండా జనం. నాకు రానే వచ్చింది. అత్తని కూకోబెట్టి బస్టాండుకెల్లాను. వరసలో నిలబడాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి అత్త సోట్లోనే ఉంది. ఎడంకాలు మడిచి, మడమ కిందకి తోసి, పల్లు బిగబట్టింది. ఎవరో కవల్ల సేపల దర అడుగుతంటే జవాబు కూడా సెప్పడం లేదు. ఆ ముకం నాకు తెల్సు. మోకాల్లు నొప్పులున్న మనిసి అలా మడిచి కూకోలేదు.

పక్కన కూకొని సిన్నగా అడిగాను. "అత్తా, నీకు మోకాల్లు నొప్పులు లేవు కదా?"

"లేవు."

"మరి ఈ మంట ఎన్నాల్ల నించి?"

"నీ మొగుడు కడుపులో ఉన్నప్పటి నించి."

 మా ఆయనకి జుట్టు నెరుస్తంది.

"లెగు," అన్నాను.

"సోటో?"

"లెగు అత్తా."

బుట్ట మీద తడిగోనె కప్పి ఇద్దరం బస్టాండుకెల్లాం. నా బుజం పట్టుకొని నడిచింది. వచ్చేసరికి పక్కావిడ బుట్ట మా సోట్లోకి సగానికి జరిగుంది. నేను నోరెత్తబోతే అత్త సెయ్యి పట్టుకొని ఆపింది. మిగిలిన సగంలో కాల్లు ముందుకి సాపుకొని కూకుంది, నన్ను ఆనుకొని కూకోమన్నాది.

సీసా ఇమ్మంది. నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. ఉమ్మడానికి పక్కనున్న మురిక్కాలవ వైపు తిరిగింది. అలా తిరిగి కాసేపుండి, మింగింది.