రాజమల్లన్నకు ఇప్పుడు దండలు వేస్తున్నవాళ్లకు

నిన్న పొద్దున కరీంనగర్‌లో మా కాలేజీ లైబ్రరీ తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది. రాజమల్లన్న భార్య, లక్ష్మి వదిన.

"సరితా, మీ అన్న పోయిండు."

ఆదిలాబాద్ బస్టాండ్‌లో ఇంటికొచ్చే బస్సు ఎక్కబోతూ కుప్పకూలిపోయాడట. గుండెపోటు.

"ఎవరు" అని అడిగాను. ఎవరో తెలిసి కూడా.

ఏడవాల్సిన రోజు. కానీ మన కాలేజీల వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్‌లు చూస్తుంటే కోపమే వస్తోంది. "గ్రంథాలయ రంగానికి తీరని లోటు" అట. "మా అందరికీ మార్గదర్శి" అట.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

రాజమల్లన్న శ్రీరాంపూర్ దగ్గర ఒక కాలేజీలో లైబ్రేరియన్. వాళ్ల బాపు బొగ్గు బావిలో పనిచేసినవాడు. కొన్నేళ్ల కింద ఆ కాలేజీలో మౌనిక అనే అమ్మాయి ఎమ్మెస్సీ చదివేది. ఆమె తండ్రిదీ బావి పనే, ఎప్పుడూ దగ్గు. బొగ్గు దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు మీద ప్రాజెక్ట్ తీసుకుంది. దానికి ఒక రీసెర్చ్ పేపర్ కావాలి. అది హైదరాబాద్‌లో ఒక పెద్ద యూనివర్సిటీ లైబ్రరీ కంప్యూటర్లలోనే తెరుచుకుంటుంది.

అన్న రైలెక్కి వెళ్లాడు.

"బయటి కాలేజోళ్లకు ప్రింట్ ఇయ్యం," అన్నారు అక్కడ. మెయిల్ చేసేది కూడా లేదన్నారు. ఫోన్ గేటు దగ్గరే పెట్టించుకున్నారు.

"బయటోళ్లం ఎట్లయితం సార్? గీ రాష్ట్రంలనే ఉన్నం గద," అన్నాడట అన్న.

చూసుకోవచ్చు, అంతే అన్నారు. సరేనని కూర్చున్నాడు. పొద్దున్నుంచి లైబ్రరీ మూసేదాకా ఆ పేపరంతా చేత్తో రాసుకున్నాడు. పట్టికలతో సహా. గ్రాఫులు స్కేలు పెట్టి గీసుకున్నాడు.

తిరిగొచ్చాక ఒక్క పేజీ వినతిపత్రం తయారు చేశాడు. పెద్ద యూనివర్సిటీలు తెప్పించుకునే ఈ-జర్నల్స్, ఈ-బుక్స్ రాష్ట్రంలోని అన్ని కాలేజీల లైబ్రరీలూ కలిసి వాడుకోవాలని. పెద్దపల్లి, వేములవాడ, కరీంనగర్, ఆదిలాబాద్, బస్సుల్లో తిరిగి సంతకాలు అడిగాడు.

మీలో చాలామంది చెయ్యలేదు.

నేనూ చెయ్యలేదు. "మా మేనేజ్‌మెంట్ ఒప్పుకోదన్నా, నన్ను పరేషాన్ చెయ్యకు," అన్నాను. టీ కూడా ఇవ్వలేదు ఆ రోజు. రెండోసారి వస్తే మీటింగ్ ఉందని చెప్పించాను.

మూడోసారి వచ్చినప్పుడు ఏమీ అడగలేదు. చేత్తో రాసిన ఆ కాగితాలు నా టేబుల్ మీద పెట్టాడు. చదివాను. నాలుగో పేజీ దగ్గర పెన్ను తీసి వినతిపత్రం మీద సంతకం పెట్టాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నీకేం కాదు," అన్నాడు. భయపడుతున్నది నేనని కనిపెట్టాడు.

చివరికి కాలేజీలన్నిటికీ ఈ-జర్నల్స్ ఇచ్చే పథకం వచ్చింది. ప్రారంభోత్సవం రోజు స్టేజీ మీద మీరు. చివరి వరుసలో అన్న. ఆయన పేరు ఒక్కరూ ఎత్తలేదు. దానికి ఆయన బాధపడలేదు, నిజంగానే. "లాగిన్లు అస్తున్నయ్ గద, గది చాలు," అన్నాడు.

లాగిన్లు వచ్చాయి. ఆ పాస్‌వర్డ్‌ల కాగితం ఆయన ప్రిన్సిపాల్ తన బీరువాలో పెట్టుకున్నాడు. "పోరగాండ్లకు ఇస్తే సినిమాలు చూస్తరు," అన్నాడు. పరిశోధన పత్రికల్లో సినిమాలెక్కడుంటాయో ఆయనకే తెలియాలి. అన్న ఊరుకోలేదు. విద్యార్థుల పేర్లన్నీ రాసి, ఒక్కొక్కరికీ అకౌంట్ ఇవ్వమని పైకి పంపాడు. ఆ జాబితా ఆమోదం కోసం తిరిగి ప్రిన్సిపాల్ దగ్గరికే వచ్చింది. ఆమోదం రాలేదు. మెమో వచ్చింది. తర్వాత ఆదిలాబాద్ అవతలికి బదిలీ వచ్చింది.

అక్కడ్నుంచి ఫోన్ చేసేవాడు. "నెట్ జర ఆగాగి అస్తది చెల్లె. అయినా పిల్లలు సదువుతుండ్రు." భార్యాపిల్లలు శ్రీరాంపూర్‌లో, ఆయన అక్కడ అద్దె గదిలో. వారానికోసారి బస్సులో రావడం, పోవడం. గుండె ఎందుకు ఆగిందో డాక్టర్లు చెప్పారు. మిగతాది నేను చెబుతున్నాను.

ప్రిన్సిపాల్ గారూ, అన్న మీకు కుడిభుజం అని రాశారు. కుడిభుజాన్ని అంత దూరం విసిరేసిందెవరు సార్?

ఈ రోజు పొద్దున అంత్యక్రియలకు మీరు దండ తెచ్చారు. ఫోటో తీసే మనిషినీ తెచ్చుకున్నారు. లక్ష్మి వదిన మీ ముందుకొచ్చి నిలబడింది.

"సార్, ఫోటో తర్వాత దిగుదురు. మా ఆయన రాసిచ్చిన పిల్లల పేర్లు మీ తాననే ఆగినయట. అవి ఎప్పుడు పంపుతరు?"

"చూద్దామమ్మా," అన్నారు మీరు.

వదిన దండ అందుకోలేదు. మీరు దాన్ని పట్టుకునే కారు దాకా వెళ్లారు. మౌనిక నా పక్కనే ఉంది, ఇప్పుడు తను లెక్చరర్. ఆ కారు మలుపు తిరిగేదాకా చూసింది.

నేను మధ్యాహ్నం కరీంనగర్ వచ్చి నేరుగా కాలేజీకి వెళ్లాను. ఎవరినీ అడగలేదు. లైబ్రరీ తలుపు మీద కాగితం అంటించాను: ఏ కాలేజీ విద్యార్థి అయినా ఐడీ కార్డు చూపించి లోపల కూర్చుని జర్నల్స్ చదువుకోవచ్చు, కావాల్సింది ప్రింట్ ఇస్తాం. పథకం నిబంధనల్లో ఆ వీలుంది. ఇన్నాళ్లూ నేనే తెరవలేదు.

నాకూ మెమో వస్తుందేమో. రానీ.

అన్నా, నువ్వు బతికుండగా నేను ఆలస్యం చేశాను. ఇక ఎవరి గుమ్మం దగ్గరా నిలబడే పని నీకు లేదు. నిమ్మళంగా పడుకో.