వణికే చేతులకో ఆట

అత్త పోయిందని బావ పూండి నుంచి ఫోన్ చేసేసరికి నేను పలాస ఆసుపత్రిలో రక్తపరీక్ష వరసలో నిల్చుని ఉన్నాను. "ఒలే, అమ్మ ఎల్పోనాదే" అన్నాడు. అత్తని తీసుకుపోయింది కిడ్నీల జబ్బు. మా ఉద్దానంలో ఆ పేరు గట్టిగా అనరు. నీళ్ళవల్లే వస్తుందంటారు. మేనత్తా నేనూ ఒకే నూతి నీళ్ళు తాగి బతికాం. అందుకే ఏడుపు కన్నా ముందు నాకు భయం వచ్చింది. చెప్పొద్దూ, వరస వదిలి వచ్చేస్తుంటే, ఇవాళ్టికి సూది తప్పిందని కాస్త ఊపిరి కూడా ఆడింది.

అత్తకి కాశీబుగ్గలో వీడియోగేముల కొట్టు ఉండేది. నేనూ బావా సాయం ఉండేవాళ్ళం. బడి వదలగానే కుర్రాళ్ళు వచ్చి పడేవారు. వాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళు, ఎంత కష్టమైన ఆటైనా నమిలి మింగేసేవారు. ఎదురుగా జీడిపప్పు కార్ఖానా. అక్కడ పిక్కలు కొట్టే ఆడవాళ్ళు, జీడికి నల్లబడ్డ వేళ్ళతో, ఇంటికి పోతూ మా గుమ్మం దగ్గర ఆగి చూసేవారు. లోపలికి మాత్రం రారు. "రండే, కరవదు" అనేది అత్త.

చేత్తో పట్టుకుని ఊపితే ఆడే కొత్త మిషను బజార్లోకి వచ్చినప్పుడు, కొనాలా వద్దా అని ఇంట్లో పెద్ద రగడ.

"ఆటంటే పడిసచ్చీవోళ్ళని ఒగ్గేసి, ఆట రానోళ్ళ ఎనకాల పడిందే ఆ మిషను సేసిన కంపినీ. ములిగిపోద్ది. దాంతోపాటు మనమూ ములగాలేటి?" అన్నాడు బావ.

"సేయి తిరిగినోడు ఏ మిషనిచ్చినా ఆడతాడ్రా. వణికీ సేతులోళ్ళకే ఆటెట్టాల" అంది అత్త.

బావ మాటా పూర్తిగా తప్పు కాదు. అత్త ఆ మిషనే కొనేసరికి కుర్రాళ్ళు కొందరు అలిగి టెక్కలి పోయి ఆడుకున్నారు. కొన్నాళ్ళు కొట్టులో ఈగలు తోలుకున్నాం. అత్త లోపల భయపడిందో లేదో తెలీదు గాని, గుమ్మంలో నిలబడి పిలవడం మానలేదు.

చివరికి ఒకామె లోపలికొచ్చింది. ఆమె మొగుడు అంతకుముందు ఏడాదే ఇదే జబ్బుతో పోయాడు. రిమోటు ఊపగానే తెరమీద బొమ్మ గోతిలో పడింది, ఒక ప్రాణం పోయింది. మిగిలింది ఒక్కటే. ఆమె రిమోటు కింద పెట్టేసింది.

"ఆడవేటే?" అంది అత్త.

"ఈ పేణం దాసుకోవచ్చేటమ్మా? రేపాడుకుంటాను."

కుర్రాళ్ళు ఫక్కున నవ్వారు. అత్త నవ్వలేదు. ఆట దాచుకునే మీట ఏదో చూపించింది. ఆ తర్వాత అది కొట్టు ఆనవాయితీ అయిపోయింది. ఇంటికెళ్ళే ముందు ప్రతి ఆడమనిషీ ఒక ప్రాణం మిగుల్చుకుని, దాచుకుని వెళ్ళేది. పోనుపోను కుర్రాళ్ళూ అదే పట్టారు.

అత్త కాళ్ళు వాచినప్పుడు పరీక్ష చేయించుకోమని ఎంత పోరినా వినలేదు. వినేసరికి విశాఖలో రక్తం కడిగే మిషను దాకా వచ్చింది. చివరిసారి చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వణుకుతోంది, నాదీ వణుకుతోంది.

"ఆటకి బయపడ్డోళ్ళందర్నీ లోపలికి రమ్మన్నాను గాని, సూదికి నానే బయపడి గుమ్మంకాడ ఉండిపోనానే. నువ్వుండిపోకు" అంది.

కర్మకాండలయ్యాక బావ కొట్టు తెరిచి టీవీ పెట్టాడు. ఆట దాచుకున్నవాళ్ళందరి బొమ్మల మధ్యా అత్త బొమ్మ కూడా ఉంది, పక్కన దాచుకున్న ప్రాణం ఒకటి. "దీన్నెవులూ ముట్టకండి" అన్నాడు బావ.

మర్నాడు మళ్ళీ ఆసుపత్రి వరసలో నిల్చున్నాను. "పిడికిలి బిగించమ్మా" అంది నర్సు. రిమోటు పట్టుకున్నట్టు బిగించాను. వణుకు ఆగలేదు. సూది దిగింది. గాజుగొట్టంలో నా రక్తం మామూలుగానే, ఎర్రగానే కనిపించింది. దాన్ని చూస్తే ఏమీ తెలియదు. సంగతి సాయంత్రం చెబుతామన్నారు.

ఇంటికెళ్ళబుద్ధి కాక కొట్టుకే వచ్చి కూర్చున్నాను. తెరమీద, అత్త బొమ్మ పక్కన, ఆ ఒక్క ప్రాణం మినుకుమినుకుమంటోంది.