ఎర్రగడ్డలు నాటినారా?

నా చిన్నప్పుడు నేను చదివిన మొదటి ఉత్తరాలు నాకు వచ్చినవి కావు. అవి పక్కింటి అక్కకు ఆమె తమ్ముడు రాసినవి. ఆ తమ్ముడు మన సైన్యంలో జవాను. శ్రీలంకలో వాళ్ళలో వాళ్ళకు యుద్ధం జరుగుతుంటే, శాంతి కోసమని మన సైన్యాన్ని అక్కడికి పంపిన రోజులవి. అక్కేమో మస్కట్ దగ్గర సీబ్‌లో, ఒక ఒమానీ కుటుంబం విల్లాలో వంట చేసేది. ఆ విల్లా గోడకు ఇవతల, రెండు గదుల పోర్షన్‌లో మేం అద్దెకుండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో సూపర్‌వైజరు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాకు పదకొండేళ్ళు. ఇంట్లో అమ్మ నేర్పిన తెలుగు తప్ప నాకు ఇంకో తెలుగు బడి లేదు.

అక్కది కడప జిల్లా. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి. మద్రాసులో నాలుగేళ్ళు ఒకరింట్లో పనిచేసి వచ్చింది కాబట్టి అరవం కూడా గడగడా మాట్లాడేది. చదువు మాత్రం రాదు. తమ్ముణ్ణి బడికి పంపడం కోసం తను మానేసిందట. అతను తెలుగు బడిలో పది దాకా చదివాడు, తెలుగులోనే రాసేవాడు. ఆ ఉత్తరాలు ముందు వాళ్ళమ్మ దగ్గరికి చేరి, అక్కడి నుంచి ఇంకో కవర్లో నెలకో, నెలన్నరకో సీబ్‌కు వచ్చేవి. శుక్రవారం మధ్యాహ్నం విల్లావాళ్ళు రుస్తాఖ్‌లో ఉన్న తోటకు వెళ్ళిపోయాక, అక్క మా వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని, కొంగులోంచి కవరు తీసి నా చేతికిచ్చేది. అమ్మకు శుక్రవారాలు కూడా డ్యూటీ ఉండేది. నాన్నతో చదివించుకోవడానికి ఆమెకు సిగ్గు. అలా ఆ పని నాకు దక్కింది. దక్కినందుకు నేను చాలా మిడిసిపడేదాన్ని కూడా.

చదువు రాదని ఆమెను మోసం చెయ్యడం మాత్రం ఎవరి తరమూ కాదు. నేను చదువుతుంటే ప్రతి వరుస కింద వేలు పెట్టి నడిపేది. ఒకసారి ఉత్తరం చివర ఊళ్ళో వాళ్ళందరికీ పేరు పేరునా రాసిన సలాములకు విసుగొచ్చి రెండు వరుసలు దాటేస్తే, వేలు అక్కడే ఆపేసి నా ముఖంలోకి చూసింది. కోప్పడలేదు. వెనక్కి వెళ్ళి ఆ సలాములన్నీ చదివి, కూర్చున్న చోటే ఆమెకు దండం పెట్టాను.

తమ్ముడి ఉత్తరం ఒక రోజులో రాసింది కాదు. సోమవారం నాలుగు మాటలు, గురువారం రెండు, మళ్ళీ ఎప్పుడో ఇంకో మూడు, డైరీలాగా ఒకే కాగితం మీద రాసుకుంటూ పోయేవాడు. ఎక్కడున్నాడో ఊరి పేరు రాయకూడదట. అందుకని కళ్ళకు కనబడేవే రాసేవాడు. మన్ను మన కడప మన్నులాగే ఎర్రగా ఉందని, ఇళ్ళకు గోడల బదులు తాటాకుల దడులున్నాయని, లోతైన బావులని, మన ఎర్రగడ్డల లాంటివే ఇక్కడ చిన్నవి పండిస్తారని. కడప వైపు ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. రైతు బిడ్డ కదా, తుపాకీ పట్టుకున్నా కళ్ళు చేను మీదకే పోయేవి.

ఆ మెట్టు మీద మూడో మనిషి కూడా ఉండేది. అదే విల్లాలో పిల్లల్ని చూసుకునే ఆమె. నేను సిలోన్ అక్క అని పిలిచేదాన్ని. వాళ్ళది శ్రీలంక ఉత్తరాన ఏదో పల్లె, మాట్లాడేది అరవం. ఇంటి దగ్గర తల్లినీ, నా ఈడు కూతుర్నీ వదిలి వచ్చింది. శుక్రవారం నా తల దువ్వి, తన కూతురికి వేసినట్టే నాకు రెండు జడలు బిగించి వేసేది. నొప్పి పుట్టేది కానీ చెప్పేదాన్ని కాదు. ఆమెకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చి అప్పటికి ఆరు నెలలు దాటింది. తల్లీ కూతురూ ఉన్నారో లేదో తెలియదు.

మొదటిసారి ఎర్రమన్ను, తాటాకు దడి ఉన్న ఉత్తరం చదివినప్పుడు అక్క ఊరికే ఆ మాటలు అరవంలో ఆమెకు చెప్పింది. ఆమె దువ్వెన ఆపేసింది. బావి గట్టు ఎలా ఉందో ఏమైనా రాశాడా అని అడిగింది. చిన్న ఉల్లి అన్నాడా, ఎంత చిన్నది అంది. అన్నీ విన్నాక, పేరు రాయకపోయినా అవి తమ వైపు ఊళ్ళేనని చెప్పింది. అప్పటి నుంచి ఆ ఉత్తరాల కోసం అక్క కంటే ఆమే ఎక్కువ ఎదురుచూసేది.

ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకామె తమ్ముడు తుపాకీతో తిరుగుతున్న ఊళ్ళల్లోనే ఇంకొకామె తల్లి ఉంది. ఆ మాట వాళ్ళిద్దరూ నా ఎదుట ఎప్పుడూ అనుకోలేదు. ఒక ఉత్తరంలో, మేం పోయిన వీధిలో ఇళ్ళకు కప్పుల్లేవు, మనుషులు ఎటో పోయారు అని ఉంది. చదివి నేను బిక్కముఖం వేశాను. అక్క ఒక్క మాట తగ్గించకుండా అది కూడా చెప్పేసింది. సిలోన్ అక్క లేచి వెళ్ళి, కడిగిన టీ గ్లాసులే మళ్ళీ కడిగి వచ్చి కూర్చుంది. అక్క తన కొంగుతో ఆమె చేతులు తుడిచింది.

ఆ రోజే నా బుర్రలో ఆలోచన పుట్టింది. సిలోన్ అక్క వాళ్ళమ్మ పేరూ, ఊరి పేరూ రాసి పంపితే తమ్ముడు వెళ్ళి చూసి రాడా? ఆ మాట అంటే సిలోన్ అక్క తల గట్టిగా అడ్డంగా ఊపి, వద్దు వద్దు అంది. నేను దాన్ని మొహమాటం అనుకున్నాను. మా ఇళ్ళల్లో వద్దు అన్నవాళ్ళకే కదా ఇంకో గరిటె వడ్డిస్తారు! విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి నెయ్యి వేసే ఇంట్లో పుట్టినదాన్ని. వద్దు అంటే వద్దనే అర్థం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం అక్క తమ్ముడికి జవాబు రాయించింది. నాన్న స్నేహితుడొకాయన మర్నాడు ఊరికి వెళ్తున్నాడు. అలా వెళ్ళేవాళ్ళ చేతికిస్తే అక్కడ స్టాంపు అంటించి పోస్టులో వేసేవాళ్ళు, ఉత్తరం పది రోజులు ముందు చేరేది. అక్క చెప్పిందంతా రాశాను. చివర, సిలోన్ అక్క పెట్టెలో ఉన్న పాత కవరు మీద ఇంగ్లీషులో చూసి బట్టీ పట్టుకున్న పేరూ ఊరూ, వెళ్ళి చూసి రమ్మనే మాటా కలిపి, మూడు వరుసలు చిన్న అక్షరాలతో ఇరికించాను. వచ్చిన ఉత్తరం చదివేటప్పుడే కదా వేలు పెడుతుంది, పంపేదానికి ఎందుకు పెడుతుందిలే అనుకున్నాను.

అక్క గిన్నెలో నాలుగు అన్నం మెతుకులు తెచ్చుకుంది, కవరు అంటించడానికి. అంటించబోయే ముందు, రాసింది ఒకసారి చదవమంది. కాగితం మీద వేలు పెట్టింది. నేను చదివాను. ఇట్లు నీ అక్క అన్న చోట ఆపాను. వేలు ఆగలేదు, కిందికి దిగింది.

"ఇంకా మూడు వరుసలు ఉండాయి పాపా. వాటిల్లో ఏముందో కూడా చదువు."

ఏమీ లేదన్నాను. వేలు అక్కడే ఉంది. చివరికి ఏడుస్తూనే చదివాను. ఆ ఊరి పేరు నా నోటి వెంట రాగానే సిలోన్ అక్క ముఖంలో రక్తం లేకుండా పోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, అక్క వైపు తిరిగి అరవంలో చాలాసేపు చెప్పింది. అక్క అంతా విని, నాకు అర్థమయ్యేట్టు చిన్నగా చెప్పింది.

"మిలిటరీవాడు వచ్చి తలుపు తడితే, మంచికొచ్చినాడో చెడ్డకొచ్చినాడో లోపలుండే ముసిలామెకు ఎట్ల తెలుస్తాది? వాడు మంచిగానే పలకరించి పోతాడు, నా తమ్ముడు మంచోడే. వాడు పోయినాక, మిలిటరీతో కొట్లాడేవాళ్ళు వచ్చి అడుగుతారు, మీ ఇంటికి మిలిటరీ ఏంటికి వచ్చిందని. దానికి జవాబు చెప్పుకోవల్సింది మనం కాదు పాపా, ఆ ముసిలామె, ఆ బిడ్డ."

ఆ బిడ్డ అన్నప్పుడు నా రెండు జడలూ నాకు బరువయ్యాయి. నేను మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఆ ఉత్తరం మర్నాడు విమానం ఎక్కేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుని ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు.

అక్క ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి కాల్చేసింది. కొత్త కాగితం తెమ్మంది. నేను ఇక రాయలేనని మొరాయించాను. చేతిలో కలం తిరిగి పెట్టి, నువ్వే రాయాలంది. పాత మాటలన్నీ మళ్ళీ చెప్పింది. అవి అయ్యాక గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. అప్పుడొక మాట అడిగింది సిలోన్ అక్కను, మీ వైపు ఎర్రగడ్డలు ఎప్పుడు నాటుతారని. ఇదే అదనని ఆమె చెప్పింది. అక్క ముఖం విప్పారింది. ఇలా రాయమంది.

"మీరు తిరిగే కాడ చేలల్లో ఎర్రగడ్డలు నాటినారా, మనుషులు కలుపు తీస్తాండారా, చూసి రాయి. ఎందుకని అడగొద్దు."

ఎవరి పేరూ లేదు, ఏ ఊరి పేరూ లేదు. చేలో పైరు ఉందంటే మనుషులు ఇళ్ళకు తిరిగి వచ్చారన్నమాట. ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారంటే బయటికి రావడానికి కొంచెమైనా ధైర్యం వచ్చిందన్నమాట. అక్షరం ముక్క రాని మనిషి అంత దూరం ఆలోచించింది. రాయించే ముందు సిలోన్ అక్కకు చెప్పి, ఇది రాయవచ్చా అని అడిగింది కూడా. ఆమె రెండుసార్లు తల ఊపాకే నన్ను రాయనిచ్చింది. అన్ని తెలివితేటలున్న నేను ఆ ఒక్క పనీ చెయ్యలేదు.

జవాబు రావడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఆ రెండు నెలలూ శుక్రవారం మెట్టు మీద మాటలు తక్కువ. సిలోన్ అక్క నా జడలు ఇదివరకటి కంటే బిగించి వేసేది. ఉత్తరం వచ్చిన రోజున విల్లావాళ్ళు ఇంకా బయల్దేరకముందే ఇద్దరూ గోడ పక్క సందులోంచి పరిగెత్తుకొచ్చారు. చేతుల నిండా పిండి.

పై నాలుగు వరుసలు క్షేమసమాచారాలు. ఆ తర్వాత తమ్ముడు, అరబ్బు దేశంలో కూర్చుని నీకు ఇక్కడి ఎర్రగడ్డలతో ఏం పని అని అక్కను ఆటపట్టించాడు. ఆ కింద ఉంది అసలు మాట: "నాటినారు. అన్ని చేలల్లో కాదు, సగం బీడుగానే ఉండాయి. ఆడోళ్ళు కలుపు తీస్తాండారు. నిన్న మేం గట్టు మీద పోతాంటే ఒక ముసిలామె, పైరు తొక్కుతాండారని మా ఆఫీసర్ని కూడా లెక్కచేయకుండా తిట్టింది. నాకు మనమ్మ గుర్తొచ్చింది."

అక్క అరవంలో చెప్పడం పూర్తి కాకముందే సిలోన్ అక్క నవ్వింది. ఆమె అంత పెద్దగా నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. మా అమ్మ కూడా అంతే, పైరు తొక్కితే దేవుణ్ణి కూడా తిడుతుంది అంది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఏడుసార్లు చదివించింది, తెలుగు ముక్క అర్థం కాని మనిషి. మూడోసారి నుంచి తనే వేలు పెట్టింది వరుస కింద.

ఆ తిట్టిన ముసలామె వాళ్ళమ్మ కాదు. అది మరుసటి ఏడాది తెలిసింది, తల్లి దగ్గర్నుంచి చివరికి ఉత్తరం వచ్చినప్పుడు. ఆ నెలల్లో తల్లీ కూతురూ వేరే ఊళ్ళో ఒక బడిలో తలదాచుకున్నారట. ఇద్దరూ క్షేమం. వాళ్ళ చేను ఆ ఏడు బీడుగానే ఉందట. ఆ సంగతి చెబుతూ సిలోన్ అక్క ఏమీ నొచ్చుకోలేదు. తమ్ముడి ఎర్రగడ్డల ఉత్తరం విన్నాకే తనకు మళ్ళీ నిద్ర పట్టిందని, ఆ ముసలామె ఎవరైనా సరే చల్లగా ఉండాలని అంది. అక్క తమ్ముడు కూడా ఇంటికి చేరాడు. అతనితో పోయిన వాళ్ళంతా చేరలేదు.

నా జుట్టు సగం నెరిసింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరైనా విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే నేను గరిటె వెనక్కి తీసుకుంటాను. ఈవిడకు వడ్డించడం రాదని చుట్టాలు చెవులు కొరుక్కుంటారు, కొరుక్కోనీ. ఫోనులో రెండు మాటలు పంపడానికి కూడా వరుస వరుసకూ వేలు పెట్టి పైకి చదువుకుంటానని మా అమ్మాయి నవ్వుతుంది. ఎక్కడైనా గొడవలని వార్తల్లో విని, అక్కడున్న వాళ్ళకు ఫోను చేస్తే, ఎలా ఉన్నారని అడగడానికి నాకు నోరు రాదు. ఏం వండారని అడుగుతాను. కూర పేరు చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకుని వింటాను.