మంగ వండిన పూట

"రేపటిసంది వద్దు మేడమ్" అంటూ ఆ కుర్రాడు ఖాళీ టిఫిన్ క్యారియర్ నా చేతిలో పెట్టిన క్షణాన నాకు మొదటిసారి భయం వేసింది. జగిత్యాల వైపు అబ్బాయి. మా బిల్డింగ్‌లోనే రెండో అంతస్తులో ఐదుగురితో కలిసి ఉండేవాడు. ఎందుకని అడిగాను. "నాలుగో అంతస్తుల మంగక్క వండుతున్నది మేడమ్. మా రూమోళ్ళందరం అటే మాట్లాడుకున్నం" అన్నాడు. నా మొహం చూడలేక మెట్ల వైపు చూస్తూ అన్నాడు. అప్పటికి నా ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు.

ఆ భయంతో నేనొక పని చేశాను. నాలుగేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. మా అమ్మకు తెలియదు. రేపు ఉదయం పిల్లలకు చెప్పాలని నిశ్చయించుకున్నాను. చెప్పేటప్పుడు ఒక్క ముక్క కూడా నాకు అనుకూలంగా మార్చకూడదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది.

మేం ఉండేది దుబాయ్ పక్కన అజ్మాన్‌లో. కరోనాకు ముందు నేను దుబాయ్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. మంగ రోజూ రెండు గంటలు మా ఇంట్లో పని చేసేది. రాజోలు దగ్గర పల్లెటూరు ఆమెది. ఇంటిపని వీసా మీద ఫుజైరాలో ఒక అరబ్బు ఇంటికి వచ్చింది. అక్కడ రెండేళ్ళు ఒక్క పూట సెలవు లేదు, చివరికి జీతమూ లేదు. ఒకరోజు చెత్త పారేయడానికి బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. పాస్‌పోర్టు ఆ ఇంటి యజమాని, అంటే కఫీల్, దగ్గరే ఉండిపోయింది. కాగితాలు లేకుండా ఇలా దాక్కుని పని చేసుకునేవాళ్ళను ఇక్కడ 'ఖల్లివెల్లి' అంటారు. ఆ మాట నేనూ చాలాసార్లు వాడాను. మంగ ఎదుట కాదు.

నా ఉద్యోగం పోయింది. ఆయన జీతం సగమైంది. మొట్టమొదట నేను మానిపించింది మంగనే. నాకు పని పోయిన వారంలోనే ఆమెకు పని పోగొట్టాను. అది నాకు అప్పుడు తట్టలేదు. మనకు పోతే అన్యాయం, ఆమెకు పోతే సర్దుబాటు. తర్వాత బిల్డింగ్‌లోని బ్రహ్మచారులకు భోజనాలు వండి పంపడం మొదలుపెట్టాను. పదకొండు మంది కుదిరారు. నలుగురమ్మాయిలతో కలిసి నాలుగో అంతస్తులో మంచానికి ఇంతని అద్దె కట్టుకుంటున్న మంగకు కూడా, పని చేసే ఇళ్ళన్నీ పోయాక, అదే ఆలోచన వచ్చింది. రాదా మరి? ఆమెకు తెలిసిన పని అదొక్కటే. నాకైతే అది తెలియని పని.

వారం తిరిగేసరికి పదకొండు మందీ పైకి వెళ్ళిపోయారు.

లిఫ్ట్ దగ్గర పట్టుకుని అడిగాను. "మా ఇంట్లో తిని, మా కడుపే కొడతావా?" అన్నాను. ఆమె కొత్తిమీర కట్టలు చంకలో పెట్టుకుని నిలబడింది.

"అయ్ బాబోయ్, అదేం మాటండీ అమ్మగారూ. నేనేమన్నా ఆళ్ళని బొట్టు పెట్టి పిలిచానాండీ? ఆళ్ళే వచ్చారు. మీరు పప్పుచారులో చింతపండు బొత్తిగా తక్కువేత్తున్నారంట. ఆఫీసు పప్పుచారు అంటన్నారండీ కుర్రాళ్ళు."

"నీకసలు వీసా ఉందా, బిజినెస్ చేయడానికి?"

ఆమె నవ్వింది. "లేదండి. మీకు వంటకి లైసెన్సు ఉందాండీ?"

నా మొహం చూసి తనే తగ్గింది. "కోప్పడకండి అమ్మగారూ. ఇద్దరం కలిపి చేద్దామండి. మీకు ఇంగ్లీషూ అయ్యీ వచ్చు కదా, మీరు ఆర్డర్లు చూసుకోండి, నేను వండుతాను. వచ్చింది చెరిసగం. పక్క బిల్డింగోళ్ళు కూడా అడుగుతున్నారండి" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. పని పోయిందని కాదు. నా పనిమనిషి నన్ను భాగస్థురాలిగా రమ్మందని. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది, కానీ నిజం ఇదే. ఆ మాట న్యాయమైనదని నాకు ఆ నిమిషంలోనే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మూడో రోజు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఏజెంటు మంగ ఫొటో పెట్టాడు. ఆమెను ఫుజైరాకు తెచ్చిన మనిషి అతనే. 'ఈ ఆడమనిషి కఫీల్ ఇంటి నుంచి పారిపోయింది, ఎవరికైనా కనబడితే చెప్పండి' అని కింద రాశాడు. ఇలాంటి ఫొటోలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రోజు మాత్రం గ్రూపంతా దాని మీదే పడింది. 'ఇలాంటి ఖల్లివెల్లి వాళ్ళ వల్లే మనకు చెడ్డపేరు' అని ఒకరు. 'వీళ్ళు తక్కువకు చేస్తారు కాబట్టే మన జీతాలు తెగుతున్నాయి' అని ఇంకొకరు. అలా రాసినవాళ్ళందరి ఇళ్ళలోనూ అంట్లు తోమింది మంగలాంటివాళ్ళే. నేనూ రాశాను: 'చట్టం అందరికీ ఒకటే కదా.' నలుగురు బొటనవేళ్ళు ఎత్తారు. చాలా నెలల తర్వాత ఎవరో నాదే సరైన మాట అన్నట్టు అనిపించింది.

తర్వాత ఏజెంటుకు విడిగా మెసేజ్ పెట్టాను. బిల్డింగ్ పేరు, అంతస్తు, పొద్దున్న పది గంటలకు కూరగాయలకు దిగుతుందన్న సంగతి. 'మీ పేరు బయటికి రాదు మేడమ్' అని వెంటనే జవాబు వచ్చింది. రాలేదు. ఈ రోజు వరకూ రాలేదు.

మర్నాడు పదిన్నరకు వంటింటి కిటికీలోంచి చూశాను. తెల్ల కారు. ఇద్దరు మగవాళ్ళు, అందులో ఒకడు ఆ ఏజెంటు. మంగ చేతిలో సంచి ఉంది, కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు. కేకలు వేయలేదు. ఏజెంటును ఏదో బతిమాలుతోంది, పైకి చూపిస్తోంది. వాళ్ళు ఆగలేదు.

ఆమె ఎందుకు పైకి చూపించిందో కాసేపటికి అర్థమైంది. పొయ్యి మీద కూర ఉంది.

ఆ గది తాళం చెవి ఒకటి మా ఇంట్లో ఉండేది. 'ఎప్పుడన్నా మర్చిపోతాను, మీ దగ్గరుంచండి అమ్మగారూ' అని తనే ఇచ్చింది. పరుగెత్తి వెళ్ళాను. మిగతా అమ్మాయిలు పనులకు వెళ్ళారు. పొయ్యి కట్టేశాను. గుత్తివంకాయ కూర అడుగంటబోతోంది. పక్కన పప్పుచారు, దించిన అన్నం, మామిడికాయ పచ్చడి. పదకొండు డబ్బాలు కడిగి, బోర్లించి ఉన్నాయి.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. కాని ఇంకా ఉంది.

ఆ అన్నం నేనే డబ్బాల్లో సర్దాను. నేనే ఇంటింటికీ ఇచ్చాను. 'మంగ ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ నేనే వండుతున్నాను' అన్నాను. సాయంత్రం జగిత్యాల అబ్బాయి డబ్బా తిరిగిస్తూ, "మస్తు కుదిరింది మేడమ్ ఇయ్యాల. గిట్లనే చెయ్యుర్రి" అన్నాడు. థ్యాంక్స్ అన్నాను. పట్టించినందుకు భయమనో, చట్టమనో ఏదో సాకు చెప్పుకోగలను. ఈ పనికి ఏం చెప్పుకోను? ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమెను పంపేసి, ఆమె వంటకు మెప్పు నేను తీసుకున్నాను.

మా పాపకు అప్పుడు ఆరేళ్ళు, బాబుకు మూడు. మంగమ్మ ఏదని అడిగారు. ఊరెళ్ళిందన్నాను. "నాకు చెప్పకుండానా?" అని పాప రెండు రోజులు అలిగింది. అవును, చెప్పకుండానే, అన్నాను.

నెల తర్వాత నాలుగో అంతస్తు అమ్మాయి ఒకతె లిఫ్టులో కలిసింది. మంగను మళ్ళీ ఫుజైరా ఇంట్లోనే పెట్టారట. ఎవరి ఫోన్ నుంచో ఒక్కసారి మాట్లాడిందట. పొయ్యి సంగతి అడిగిందట. 'అమ్మగారి దగ్గర తాళం ఉండబట్టి సరిపోయింది, లేకపోతే కొంప అంటుకునేది, ఆవిడకి దండాలని చెప్పు' అందట. అదే చివరి కబురు. తర్వాత కొన్నేళ్ళకు ఇక్కడ కాగితాలు లేనివాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించారు. జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు, లేదా కొత్త వీసా వెతుక్కోవచ్చు అన్నారు. వరసలో నిలబడ్డవాళ్ళ ఫొటోలు పేపర్లో చూశాను. మంగ నాలుగో అంతస్తులోనే ఉండి ఉంటే ఆ వరసలో ఉండేది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆ ఏజెంటు నంబరు పనిచేయడం లేదు. నేను వెతకాల్సినప్పుడు వెతకలేదు.

ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకు? నిన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంగ్లండులో ఎంబీయే చదివి, ఉద్యోగం దొరక్క, గిడ్డంగిలో రాత్రిపూట పెట్టెలు సర్దుతున్నాడు. బస్‌స్టాపులో ఒక పెద్దాయన వీణ్ణి చూసి, మా పనులన్నీ మీరే లాక్కున్నారు, మీ దేశం పొండి అని అరిచాడట. "ఆ పెట్టెలు మోయడానికి వాళ్ళలో ఒక్కడూ రాడక్కా" అన్నాడు. అక్కడితో ఆగలేదు. వాడి రూమ్మేటు చదువుకునే వీసా మీద ఉండి, అనుమతించిన గంటల కన్నా ఎక్కువ పని చేస్తున్నాడని ఎవరో పట్టించారట. "ఎవరో తెలుసా? తెల్లోళ్ళు కాదు. మన తెలుగోడే. వాడికి పని దొరకలేదని వీడి మీద ఫోన్ చేశాడు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అందరం భోజనాల దగ్గర ఉన్నాం. "అలాంటి వెధవలకి పుట్టగతులుండవు" అన్నారు మా ఆయన, అన్నం కలుపుకుంటూ. నేను ఆయనకు చారు వడ్డిస్తున్నాను.

ఆ బస్‌స్టాపు పెద్దాయనను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన కనీసం మొహం మీద అరిచాడు.

పాప అడిగింది, "మామయ్య ఎవరి పని లాక్కున్నాడు?" ఎవరిదీ లాక్కోలేదన్నాను. అప్పుడది, "మామయ్య మంచోడు. మంగమ్మలాగా చెప్పకుండా పారిపోయే రకం కాదు" అంది. పారిపోవడం అన్న మాట దానికి నేను నేర్పలేదు. కాని మంగ గురించి అలా అనుకునే చోటు నేనే ఇచ్చాను. నా బిడ్డ నోట్లోంచి ఆ గ్రూపులోని మాటలు వస్తున్నాయి. ఇంకో పదేళ్ళకు అది కూడా 'చట్టం అందరికీ ఒకటే' అని రాసి బొటనవేళ్ళు లెక్కపెట్టుకుంటుంది. అది నేను జరగనివ్వను.

మీ క్షమ నాకు అక్కర్లేదు. ఇవ్వడానికి మీకు హక్కు లేదు, అడగడానికి నాకు లేదు. నాలుగేళ్ళ తర్వాత ఈ సంగతి నా ఒంట్లో కాకుండా ఇంకోచోట ఉంది. అంతే చాలు.

*

ఇది పొద్దున్న అందరూ బయటికి వెళ్ళాక రాస్తున్నాను. అప్పటికి స్కూలు బస్సుకు ఇంకా టైముంది. పిల్లలు ఇడ్లీ తింటున్నారు, ఆయన షూస్ వేసుకుంటున్నారు. ముగ్గురూ వినేలా చెప్పాను.

"మంగమ్మ పారిపోలేదు. ఆమె ఎక్కడుందో నేను వాళ్ళకు చెప్పాను. వాళ్ళొచ్చి తీసుకుపోయారు. మీకు అబద్ధం చెప్పాను."

ఆయన చేతిలో లేసు అలాగే ఉండిపోయింది. పాప ఇడ్లీ ముక్క ప్లేటులో పెట్టేసి, "ఎందుకమ్మా?" అంది.

"మన పని లాక్కుంటోంది అనుకున్నాను. లాక్కోలేదు. నాకంటే బాగా వండేది, అంతే."