మేస్త్రి అనే మాట

బహ్రెయిన్‌లోని సిత్రాలో ఆయిల్ ట్యాంకుల పునాదులు కడుతున్న కంపెనీలో నేను డ్రాయింగులు చూసేవాణ్ణి. పాత మేస్త్రి ఊరికి వెళ్ళిపోయాక, ఆ స్థానంలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి ఫోర్‌మన్‌గా వేశారు. జీతం పెరిగింది. అతను కోరుకున్నది మాత్రం వేరే.

"కాయిదంల ఫోర్‌మన్ అని రాసిన్రు సార్. ఒక్కడన్న మేస్త్రీ అంటలేడు."

"అన్నా అంటున్నారు కదా."

"అన్నా అంటె చాయ్ దెస్తరు. పని జెయ్యరు."

ఆ శుక్రవారం సెలవు రోజున జింజ్ పేటలోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి మేస్త్రి అనే మాట పుట్టుక వెతికాను. మూలం లాటిన్ మాగిస్తెర్. అందులో ఉన్నది ‘ఎక్కువ’ అనే అర్థం. ఇటాలియన్‌లో మాయెస్త్రో: బడిపంతులు, సంగీత విద్వాంసుడు. స్పానిష్‌లోనూ అదే రూపం. పంతులుతో పాటు పనిలో ఆరితేరినవాడు కూడా. ఫ్రెంచిలో మేత్ర్, వకీలును అలా పిలుస్తారు. పోర్చుగీసులో మెస్త్రె అంటే ఓడ నడిపేవాడు, పనివాళ్ళ పెద్ద. పోర్చుగీసువాళ్ళు బహ్రెయిన్‌లోనూ కోట కట్టుకున్నారు గానీ మాట మనకు ఇక్కడ అందలేదు. మన రేవుల్లో దిగి, తాపీ పట్టినవాడి దగ్గర స్థిరపడింది.

ఇదంతా అతనికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఎక్కువ అంటె, ఎవరికంటె సార్?"



తరువాతి వారం గోడకు పంపుతో కాంక్రీటు పోస్తుండగా, దాన్ని పట్టి ఉంచే సెంట్రింగ్ చెక్క ఒక మూల ఉబ్బింది. సందులోంచి సిమెంటు పాలు కారసాగాయి.

"యల్లా, జల్దీ జాకీలు దెండ్రి!" అని చెక్కకు ఆనించే ఇనప కాళ్ళ కోసం ఫోర్‌మన్ అరిచాడు.

ఎవరూ కదల్లేదు. అందరూ గుంపులో పెద్దవాడైన తాపీ పనివాడి వైపు చూస్తున్నారు. అడగందే చెప్పడం ఆయన పద్ధతి కాదు. ఫోర్‌మన్ ఆయన దగ్గరికి నడిచాడు.

"మేస్త్రీ, నువ్వే చెప్పు. ఏం జేద్దాం?"

"పంపు బంద్ వెట్టమను. రెండు జాకీలు కింద, ఒకటి నడుమ. జల్దీ కొట్టుండ్రి."

క్షణాల్లో అందరూ మూలకు చేరారు. చెక్క వెనక్కి నొక్కుకుంది, గోడ నిలిచింది. తిరిగి వెళ్ళేటప్పుడు పికప్ బండిలో ఫోర్‌మన్‌ను అడిగాను.

"ఆ పేరు ఆయనకు ఇచ్చేశావేం?"

"పేరు జూస్కుంట నిలవడితె గోడ పండుకునేటట్టుండె సార్."

మర్నాడు చాయ్ వేళ ఎవరో "మేస్త్రీ" అని పిలిచారు. ఫోర్‌మన్, పెద్దాయన ఇద్దరూ తల తిప్పారు. పెద్దాయన పలికాడు. ఫోర్‌మన్ కప్పు కింద పెట్టి, పోయకముందే జాకీలు పెట్టించడానికి పక్క గోడ ఎత్తు ఎంతని నన్ను అడిగాడు.